సన్నని చప్పుడు

మా తమ్ముడు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ తడుముకుంటాను. పాడతాడా అంటే పాడడు. వాయిస్తాడా అంటే కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ తిప్పుతాడు. తలుపు చప్పుడు, నీళ్ల పంపు, నా కుట్టుమిషన్ టకటక, ఏది దొరికితే అది ఫోన్లో పట్టుకెళ్లి, కోసి, అతికి, దరువు కడతాడు. దాన్ని బీట్ అనాలట. దాని మీద ఎవరైనా మాటలు విసిరితే హిప్ హాప్, ఎవరూ ఏమీ అనకపోతే ఎలక్ట్రానిక్. నాకు అర్థమైనంతవరకు అదీ వాడి వృత్తి.

ముందు గదిలో నా టైలరింగ్ షాపు, వెనక గదిలో వాడి స్టూడియో. స్టూడియో అంటే ఏదో అనుకునేరు. గోడలకు పాత పరుపులు నిలబెట్టి, కిటికీకి నా దగ్గర మిగిలిన లైనింగు గుడ్డ మడతలు పెట్టి కొట్టిన గది. ఎవరి గొంతైనా రికార్డు చేసేటప్పుడు వాడు గోడ మీద కొడతాడు, నేను మిషన్ ఆపాలి. కుట్టు మధ్యలో ఆపినందుకు నేను తిట్టిన తిట్లు కొన్ని వాడి పాటల్లోకి కూడా ఎక్కాయి. ఇదేమిట్రా అంటే, బాగా పలికాయక్కా, వదులుకోబుద్ధి కాలేదు అన్నాడు.

ఆ గది కట్టుకోకముందు వాడు చాలా ఏళ్లు క్లబ్బుల్లో, స్టేజీ షోల్లో సౌండ్ చూసేవాడు. మనిషెత్తు స్పీకర్ల పక్కన నిలబడి సంపాదించిందంతా తెచ్చి ఆ గదిలో పోశాడు. తర్వాత కంపెనీలు పిలిచినా వెళ్లలేదు. తన పాటలు తనే నెట్లో పెట్టుకుంటాడు. వాటికి మాటలు రాసి ర్యాప్ చేసేది వాడి చిన్ననాటి స్నేహితుడు, సిటీ బస్సు కండక్టర్. పొద్దంతా బస్సులో అరిచి, వచ్చి మా ఇంట్లో మళ్లీ అరిచేవాడు. వినేవాళ్లు కొద్దిమందే అయినా, వీళ్ల పాటలంటే చెవి కోసుకునేవాళ్లు.

ఇద్దరూ కలిసి మొదటిసారి పూర్తి ఆల్బమ్ తలపెట్టారు. ఏ చప్పుడు ఎంత వినపడాలో తేల్చడం, అంటే మిక్సింగ్, తమ్ముడి పని. మొదటి పాట బయటికి రాగానే చెవుల్లో గుచ్చుకుంటోందని వినేవాళ్లు రాశారు. వాళ్ల ఇయర్‌ఫోన్లు చవకవని కొట్టిపారేశాడు. రెండో పాట ఇంకా గుచ్చింది. కండక్టర్ మొహమాటపడుతూనే, తన మాటల్లో 'స' వచ్చిన చోటల్లా సూది దిగినట్టుందని చెప్పాడు. మావాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. సంగీతం సంగతి నాకు చెప్పకు, పోయి టికెట్లు కొట్టుకో అన్నాడు. అతను వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. నేను తమ్ముణ్ణి కడిగిపారేశాను. వాడు చెవిన వేసుకుంటేనా!

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాడు నీళ్లు తాగుతూ వంటింట్లో ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు. తలుపు సరిగ్గా పడలేదు. పడకపోతే మా ఫ్రిజ్ సన్నగా కీచుమంటుంది. నేను ముందు గదిలోంచే, అది వెయ్యరా అని అరిచాను. ఏం వెయ్యాలన్నాడు. మోగుతోంది కదా అన్నాను. ఏం మోగుతోందన్నాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని కత్తెర పడేసి లేచి వెళ్లాను. అప్పటికి వాడు ఫ్రిజ్‌కు చెవి ఆనించి ఉన్నాడు. ఒక చెవి, తర్వాత రెండోది. వాడు నేల మీద కూలబడ్డాడు. తలుపు నేనే మూశాను.

మాటలు బాగానే వినపడతాయని, పై అంచున ఉండే సన్నని చప్పుళ్లు మాత్రం పోయాయని, అవి తిరిగి రావని చెవుల డాక్టరు చెప్పారు. ఆ స్పీకర్ల పక్కన నిలబడ్డ ఏళ్లు చేసిన పని అది. పాపం, వాడు తనకు వినపడేదాకా ఆ చప్పుళ్లను పెంచుకుంటూ పోయాడు. అవే వెళ్లి జనం చెవుల్లో దిగాయి.

వాడు గదికి తాళం వేశాడు. ఏ చప్పుడు ఎంతుందో కంప్యూటర్ తెర మీద గీతలు కనిపిస్తాయిగా, చూసి చెయ్యమన్నాను. కొలతలు చూసి చొక్కా నప్పిందని చెప్పగలవా, తొడుక్కున్న మనిషిని చూడాలి కదా అన్నాడు. మిషన్ ఆపమని గోడ కొట్టేవాళ్లు లేక హాయిగా కుట్టుకోవలసినదాన్ని, చెయ్యి సాగలేదు. వాడు ఇక పాట చెయ్యడేమోనని నాకు భయం పట్టుకుంది. అది లేకపోతే వాడు ఎలా బతుకుతాడో నేను ఊహించుకోలేకపోయాను.

ఒకరోజు తాళం తీసి నేనే లోపలికెళ్లి వాడి కుర్చీలో కూర్చున్నాను.

"లే అక్కా. నీకేం తెలుసని?"

"ఏం తెలీదు. చెవులున్నాయి. గుచ్చుకున్నచోట చెయ్యెత్తుతా. తిప్పేది నువ్వు తిప్పు."

వాడు స్టూలు లాక్కుని వచ్చి రెండో పాట పెట్టాడు. నేను చెయ్యెత్తాను, వాడు తగ్గించాడు. దించేదాకా తగ్గించాడు. నాకు హద్దు తెలియక చెయ్యి దించనే లేదు, చివరికి పాట దుప్పటి కప్పుకున్నట్టయింది. టైలరమ్మ చేతికిస్తే అన్నీ కత్తిరించేస్తుంది అని గొణిగాడు. ఆ వెటకారం వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

పాట కుదిరాక వాడు కండక్టర్‌కు ఫోన్ చేశాడు. తప్పయిందనడం మావాడికి చేతకాదు, వచ్చి వినమని మాత్రం అన్నాడు. అతను డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చాడు. అంతా విని, తన గొంతు ఇంత బాగుంటుందని తనకే తెలియదంటూ తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

అతను వెళ్లాక తమ్ముడు పాట మళ్లీ పెట్టాడు. చివర్లో దరువంతా ఆగిపోయి, సన్నని చప్పుడు ఒక్కటే మిగిలే చోటుంది. వాడు తెర మీద కదిలే గీతనే చూస్తున్నాడు.

"ఇప్పుడు మోగుతోందా?"

"మోగుతోంది."

"ఎలా ఉందక్కా?"

నాకు పాటల గురించి మాట్లాడటం రాదు. తోచింది చెప్పాను. "తడి వేలితో గాజుగ్లాసు అంచు రాస్తే వస్తుందే, అలా. కానీ పక్క గదిలో ఎవరో రాస్తున్నట్టు. ఆగిపోయిందనుకుంటే ఇంకా ఉంది."

వాడు కళ్లు మూసుకున్నాడు.

"అలాగే రావాలనుకున్నా" అన్నాడు.