మల్లవ్వ కాలికి కట్టిన పట్టీ

దయ్యాలు, చేతబడులు అంటే నాకు ఒళ్లు మంట. ఎవరైనా ఆ కథలు ఎత్తుకుంటే మధ్యలోనే నోరు మూయించేదాన్ని. కాబట్టి దీన్ని నమ్మమని మిమ్మల్ని బతిమాలను. కళ్లతో చూసింది చెప్తాను, అంతే.

మాది నల్గొండలో ముస్లిం కుటుంబం. ముసలివాళ్లు రోజూ ఎంత తిరుగుతున్నారో తెలుసుకోవడానికి కాలికి సెన్సర్ పట్టీలు కట్టే పని చేసేదాన్ని. వాళ్లు నడిచిన దారి నా ఫోన్‌లో గీతలా కనిపిస్తుంది.

పానగల్ దాటాక ఒక ఊళ్లో మల్లవ్వ ఉండేది. గొర్లు కాసుకుని బతికిన మనిషి. పక్కింట్లోనే ఉండే ఆమె మరిది కొడుకు సత్తయ్య గొర్లు పోయే బాటకు అడ్డంగా గోడ కట్టాడు. ఇదేందిరా అని అడిగితే నెట్టేశాడు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయినా అవ్వ మంచం దిగలేదు, గొర్లు అమ్ముడుపోయాయి. వాడు పలకరించడానికైనా రాలేదు, దుర్మార్గుడు! అవ్వ లేచి నడుస్తోందో లేదో చూడమని డాక్టరు చెబితే పట్టీ కట్టడానికి వెళ్లాను.

దర్గాలో మొక్కుకుని దారం కట్టడం మా వైపు అన్ని మతాలవాళ్లకూ అలవాటే. కోరిక తీరాక విప్పేస్తారు. ముస్లిం పిల్ల కడుతోంది కదా, ఇదీ అలాంటిదే అనుకుంది అవ్వ. చీలమండకు పట్టీ పెడుతుంటే కళ్లు మూసుకుంది.

"నన్ను పడేసినోడు నాలెక్కనే మంచంల పడాలె. మంచినీళ్లకు ఏడ్వాలె," అంది.

"ఇది మొక్కు దారం కాదవ్వా, మిషిన్," అని నవ్వాను.

"నువ్వయితే గట్టిగ కట్టు బిడ్డా."

వారం తిరగకముందే ఫోన్‌లో గీతలు పడ్డాయి. రోజూ మధ్యాహ్నం అవ్వ ఇంట్లో మొదలై, గోడలోంచి నేరుగా సత్తయ్య వాకిట్లోకి పోయి, అక్కడే చుట్లు తిరుగుతున్నాయి. పట్టీ మార్చాను. కొత్తదీ అంతే. ఎవరైనా విప్పి తీసుకుపోతున్నారేమోనని ఒక మధ్యాహ్నం మంచం పక్కనే కూర్చున్నాను. అవ్వ నిద్రపోతోంది. నా చెయ్యి ఆమె కాలి మీదే ఉంది, అది కదలలేదు. ఫోన్‌లో గీత మాత్రం సాగుతూనే ఉంది.

బయటికొస్తే సత్తయ్య ఎదురుపడ్డాడు. ముఖం పీక్కుపోయింది.

"మేడం, మా పెద్దమ్మ మొక్కి కట్టిచ్చుకున్నదట, జర గా పట్టీ ఇప్పుండ్రి. పట్టపగలు ఎవరో నా ఎనకాలనే నడుస్తాండ్రు. ఎనకకు మర్లి చూస్తే ఎవ్వరుండరు."

"పోయి మీ పెద్దమ్మ కాళ్లు పట్టుకో," అన్నాను.

"నేనేం తప్పు చేసిన?" అని గయ్యిమన్నాడు. వాడి కాళ్లు నేనే విరగ్గొడదామన్నంత కోపం వచ్చింది నాకు.

కొన్నాళ్లకు అవ్వ రమ్మంటోందని ఆమె కూతురు ఫోన్ చేసింది. వెళ్లగానే అవ్వ కాలు చూపించింది.

"ఇప్పు బిడ్డా. పనయింది."

పట్టీ విప్పి సంచిలో వేసుకుంటుంటే గోడ అవతల సత్తయ్య భార్య కేక వినిపించింది. నేనూ అవ్వ కూతురూ పరుగెత్తాం. సత్తయ్య పొడినేల మీద పడి మెలికలు తిరుగుతున్నాడు. ఎవరో నెట్టారని అరుస్తున్నాడు. తుంటి విరిగిందని తర్వాత దవాఖానలో చెప్పారు.

"ఇప్పుడే గిక్కడ నిలవడి నాతోని మాట్లాడుతుండె, పక్కన పిట్ట గూడ లేదు," అని భార్య ఏడ్చింది.

మేం తిరిగొచ్చేసరికి అవ్వ ఆకలవుతోందని బువ్వ అడిగింది.

పట్టీలు రెండూ పరీక్ష చేయించాను. ఏ లోపమూ లేదన్నారు. సత్తయ్య మీద నాకు అప్పుడూ జాలి కలగలేదు, ఇప్పుడూ లేదు. కానీ ఎంత ఆలోచించినా ఒక్కటి అంతుపట్టదు. పనయిందని అవ్వ నాతో అన్నప్పుడు వాడు ఇంకా నిలబడే ఉన్నాడు.