చోకు తీస్తే ఆగిపోయిన బండి

మా ఇంటాయన పోయాక, దినానికి ముందురోజు పొద్దున్నే పెద్దమావ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమావంటే మా మావగారి అన్న. ఊళ్లో చావుకైనా పెళ్లికైనా ఆయన మాటే చెల్లుతుంది. మాలో పోయిన మనిషి వాడుకున్న వస్తువులను దినం రోజున అతన్ని పూడ్చిపెట్టిన చోటికి తీసుకెళ్లి వదిలేస్తారు. అవి ఇంట్లోనే ఉంటే వాటి కోసం మనిషి తిరుగుతూ ఉంటాడని, వెళ్లాల్సిన చోటికి వెళ్లలేడని మా నమ్మకం. కత్తి, గొడుగు, దుప్పటి, అన్నం తినే కంచం అన్నీ తీసి గుమ్మం పక్కన పెట్టాను. పెద్దమావ వాటిని చూసి, తర్వాత చూరు కింద ఉన్న స్కూటర్ వైపు తల తిప్పాడు.

"దాన్నేటి సేత్తావు?"

ఉంచుకుంటానన్నాను. మిరియాలు, కాఫీ గింజలు సంతకు మోయాలి కదా అన్నాను. ఆయన కోప్పడలేదు. మనిషి మంచం పట్టినప్పటి నుంచి అదీ కదల్లేదని, మనిషితోపాటే అదీ పోయిందని ఊళ్లో అనుకుంటున్నారని చెప్పాడు. చివరికి ఒక మాట ఇచ్చాడు.

"రేపు మేం వచ్చేసరికి నడిత్తే నీది. నడవకపోతే ఆడిది. ఆడితో పంపీడమే."

సంత మాట అబద్ధం కాదు గానీ, నాకు కావలసింది బండి చప్పుడు. అరకు దారిలో కార్లూ బస్సులూ ఎన్ని తిరిగినా, ఘాట్ మలుపుల్లో ఉండగానే మా బండిని పోల్చుకునేవాళ్లం. కాస్త దగ్గినట్టు, మధ్యలో ఒక దెబ్బ తప్పి మళ్లీ అందుకున్నట్టు ఉండేది. కింద శృంగవరపుకోటలో మెకానిక్ సరిచేసి పంపితే, కొండెక్కేసరికి నల్లపొగ కక్కేది. పైన గాలి పల్చన, పెట్రోలు ఎక్కువైపోయేది. అందుకని ఇంటికొచ్చాక ఆయన చెవి వంచి విని, ఒక చిన్న స్క్రూ తిప్పి తనకు నచ్చినట్టు చేసుకునేవాడు. మా అత్తకు కళ్లకు పొరలు కమ్మి చాలా కాలమైంది. ఆమెకు కొడుకు ఇంటికి రావడమంటే ఆ చప్పుడే. అది వినపడగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

పెద్దమావ వెళ్లగానే బండి ముందు కూర్చున్నాను. ఇంట్లో దాచిన పెట్రోలు పోసి కిక్కు కొట్టాను. చల్లబడ్డ ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందించే చోకు లాగితే అందుకుంది. చోకు తీయగానే ఆగిపోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అంతే. ప్లగ్గు విప్పి చూస్తే పొడిగా ఉంది. ఆయన రిపేరు చేస్తున్నప్పుడు కొంగు పరిచి, విప్పిన ముక్కలు విప్పిన వరసలో పట్టుకున్నది నేనే. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టని, పొడిగా ఉంటే అందనట్టని, చోకుతో నడిచి చోకు తీస్తే ఆగిందంటే సన్న దారిలో ఏదో అడ్డుపడిందని చెప్పేవాడు.

పక్క డొప్ప తీసి కార్బురేటర్ విప్పాను. పెట్రోలు నిలిచే చిన్న గిన్నె అడుగున ఏదో రజను ఉంది. గోధుమ రంగుది, మెత్తగా వేళ్లకు అంటుకుంది. ఇసుక కాదు, తుప్పు కాదు. నలిపి చూశాక తెలిసింది. అది ఎండిన ఆనపకాయ బుర్ర లోపలి బెండు.

ఆయన జబ్బులో ఉండగా పెట్రోలు సీసా పగిలి కారుతుంటే, కొడుకు లేచాక సంతకు వెళ్తాడు కదా అని, పారబోయడానికి మనసొప్పక, మా అత్త దాన్ని జీలుగు కల్లు పోసుకునే బుర్రలోకి వంపింది. మా ఇళ్లలో నీళ్లైనా అంబలైనా కల్లైనా బుర్రలోనే కదా దాస్తాం. ఆమెకు పెట్రోలూ అలాంటిదే. వంపేటప్పుడు లోపలి బెండు రాలి అందులో కలిసింది. పొద్దున నేను బండిలో పోసింది ఆ బుర్రలోదే.

అత్త తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏటమ్మా దొరికింది?"

"తుప్పు అత్తా. పాత బండి కదా."

ఆమె తలూపింది. బుర్ర మాట నేను ఎత్తలేదు.

ట్యాంకు వంపేసి కడిగాను. పెట్రోలు చిమ్మే జెట్టు కన్నంలోకి ఇనుప తీగ పెట్టకూడదు, కన్నం పెద్దదైపోతుంది. కొండచీపురు కొసలోంచి సన్నటి పీచు లాగి మెల్లగా దూర్చాను. గాలి కొట్టడానికి మా తోటికోడలు సైకిలు పంపు తెచ్చింది. నా చేతులు చూసి, "ఏటక్కా, సంతలో షాపెట్టేత్తావేటి? ముందు నా మిక్సీ సూడు" అంది. ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదలు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

చివరికి ఆ చిన్న స్క్రూ మిగిలింది. దాని వెనక దారిలోనూ బెండు చేరి ఉంటుంది. విప్పకపోతే బండి నిలబడదు, విప్పితే ఆయన చేత్తో పెట్టిన కొలత పోతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత దాన్ని బిగుసుకునే దాకా తిప్పి, ఎన్ని చుట్లు తిరిగిందో గుర్తు పెట్టుకుని విప్పాను. దారి కడిగి, అన్నే చుట్లకు తెచ్చి పెట్టాను.

మర్నాడు మంచు విడవకముందే తోటికోడలు రోడ్డు పక్క కొట్లోంచి కొత్త పెట్రోలు తెచ్చింది. ఆయిలు కలిపి పోస్తుండగా పెద్దమావా ఇంకొందరూ వచ్చారు. కిక్కు కొట్టాను. అందుకుంది. చోకు తీశాను. ఆగలేదు. నున్నగా, ఒక్క దెబ్బ తప్పకుండా నడుస్తోంది. పెద్దమావ కాసేపు చూసి, గుమ్మం పక్కన ఉన్న కత్తీ గొడుగూ తీసుకుని, "ఉండనీ" అన్నాడు.

లోపల్నుంచి అత్త గోడ పట్టుకుని వచ్చింది.

"ఎవులొచ్చారమ్మా? ఎవులి బండది?"

నాకు అప్పుడు తెలిసింది, ఆ దగ్గు స్క్రూ ఒక్కదానిలోనే లేదని. ఇన్నేళ్ల మసిలో ఉంది. దాన్ని నేనే శుభ్రంగా కడిగేశాను.

దినం అయ్యి అందరూ వెళ్లాక, సాయంత్రం మళ్లీ బండి స్టార్ట్ చేశాను. ఎందుకో అత్తకు చెప్పలేదు. ఆమే వచ్చి అరుగు మీద కూర్చుంది. స్క్రూ కొంచెం తిప్పాను.

"కాదు," అంది.

ఇటు తిప్పాను. కాదంది. ఇంకొంచెం అటు తిప్పితే ఇంజను కాస్త తడబడింది. అత్త తల పైకెత్తింది. ఆమె చాలాసేపు విని, "ఆడు కాదు" అంది. నేను వదల్లేదు. తిప్పుతూనే ఉన్నాను. పొగ ఇల్లంతా కమ్మింది. ఆమె చెయ్యి చాపి నా భుజం వెతుక్కుంది.

"ఇంక కట్టేయమ్మా. నూనంతా అయిపోతంది."

కట్టేశాను. పొయ్యి మీద నీళ్లు పెట్టడానికి ఇద్దరమూ లేవలేదు.