నాహిద్ అడిగిన రెండో ఆపరేషన్

తిరువూరు బస్టాండు దగ్గరి సందులో షఫీకి పరుపుల కొట్టు ఉంది. కొట్టు అతని పేరు మీదే ఉన్నా, దూది ఏకించి గుడ్డలో నింపడం, అంచులు చేత్తో కుట్టడం అంతా భార్య నాహిద్ పని. వానకు తడిసి బరువెక్కిన పరుపునైనా ఒక్కతే తిరగేసే మనిషి.

ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. రంజాన్ నెల వెళ్లాక భర్తకు చెప్పింది. విజయవాడలో పరీక్షలు చేసి క్యాన్సరే అన్నారు. ఇంకా ముదరలేదు కాబట్టి రొమ్మంతా తీయక్కర్లేదని, గడ్డనూ దాని చుట్టూ కొంత భాగాన్నీ తీస్తే చాలని డాక్టర్ స్నిగ్ధ చెప్పింది.

“తీసినచోట సొట్ట పడుతుందమ్మా. తర్వాత కరెంటు, అదే రేడియేషన్ పెడితే అది ఇంకా లోపలికి లాగేస్తుంది. అందుకే గడ్డ తీసినప్పుడే సరిచేస్తాం. మిగిలిన రొమ్మునే సర్ది దగ్గరికి కుట్టొచ్చు. అలా చేస్తే చిన్నదవుతుంది. కుడివైపుది కూడా తగ్గిస్తేనే రెండూ ఒకలా ఉంటాయి. లేదంటే వీపు కండను ముందుకు తెచ్చి ఆ ఖాళీ నింపొచ్చు. సైజు తగ్గదు, కుడివైపు జోలికి పోనక్కర్లేదు. కాకపోతే వీపున ఇంకో కోత పడుతుంది, కొన్నాళ్లు నీరు చేరొచ్చు, భుజంలో కాస్త బలం తగ్గొచ్చు.”

“వీపుదే చేయించుకో. ఉన్నది ఉన్నట్టుంటుంది కదా” అన్నాడు షఫీ. ఆ మాట తన కోసం అన్నాడో, ఆమె కోసం అన్నాడో నాహిద్‌కు తెలియలేదు. అడగనూ లేదు.

అదే ఆసుపత్రికి పెనుగొలను నుంచి పరీక్షకు వచ్చిన వెంకాయమ్మకు అంతకుముందు ఏడాది వీపు కండతోనే చేశారు. సంగతి తెలిసి, నాహిద్‌ను తెర వెనక్కి తీసుకెళ్లి జాకెట్టు దించి మచ్చ చూపించింది.

“నాది చిన్న ఒళ్లు, గడ్డేమో పెద్దది. తీసేశాక సర్దడానికి ఏం మిగల్లేదమ్మా. నాకు ఇదొక్కటే దారి.”

“చెయ్యి ఎలా ఉందండి?”

“ఇంటి పనికి ఇబ్బంది లేదు. బస్తా ఎత్తాలంటేనే ముందులా రావట్లేదు.”

నాహిద్ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఉన్నదాన్నే సర్దమంది. ఆమె గడ్డకూ ఒంటి తీరుకూ అది కుదురుతుందని డాక్టరు ఒప్పుకుంది. కుడివైపు మాటెత్తితే మాత్రం, “రోగం లేనిదాన్ని కొయ్యడమెందుకు మేడం” అంది నాహిద్.

“సరే. కావాలంటే తర్వాతైనా చెయ్యొచ్చు.”

ఆపరేషనూ కరెంటూ అయ్యాయి. నెమ్మదిగా మళ్లీ కొట్లో కూర్చుంది. చెయ్యి మునుపటిలాగే ఆడింది. ఎడమ రొమ్ము మాత్రం గట్టిపడి, కుంచించుకుపోయి, కాస్త పైకి లాక్కుంది. స్నానం చేసేటప్పుడు కిందికి చూసుకోవడం మానేసింది. దూదిని చిన్న గుడ్డసంచిలో కుట్టి జాకెట్టు లోపల పెట్టుకునేది. నెమలి అనే ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లి విస్తరి మీదికి వంగినప్పుడు అది జారి నేల మీద పడింది. పక్కనున్న ఆడవాళ్లు చూసి ముఖాలు తిప్పుకున్నారు. ఎవరైనా ఏదైనా అడిగినా బాగుండేదనిపించింది నాహిద్‌కు.

తర్వాతి పరీక్షలో రోగం జాడ లేదన్నారు. అప్పుడు తనే అడిగింది, కుడివైపుది తగ్గించమని.

ఇంట్లో అత్త పీర్‌బీకి ఇది మింగుడుపడలేదు. “అల్లా దయవల్ల బయటపడ్డావు. ఈ వయసులో మళ్లీ కోతెందుకమ్మా? ఎవరు చూడొచ్చారు?”

“నేను చూసుకుంటాను అత్తమ్మా. రోజూ.”

షఫీ మాత్రం, “నేనప్పుడే వీపుది చేయించుకోమన్నాను” అన్నాడు.

“అప్పుడు నాకు చెయ్యి కావాలి. ఇప్పుడు ఇది కావాలి.” ఆమె గొంతు పెంచలేదు. రెండో ఆపరేషన్‌కు అతనే వెంట వెళ్లాడు.

కట్లు విప్పేరోజు నర్సు షఫీని బయటికి వెళ్లమనబోతే, ఉండనివ్వమంది నాహిద్. ఆమె ఛాతీ వైపు చూడటానికి అతను జంకాడు. ముఖం వైపే చూస్తూ, “నొప్పిగా ఉందా?” అన్నాడు.

“ఉంది.”

అద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసుకుంది. రెండూ అచ్చం ఒకలా లేవు. ఉండవని డాక్టరు ముందే చెప్పింది. ఎడమవైపు గట్టితనం కూడా పోదు. అయినా ఆమె అద్దం దించలేదు, ఏడవలేదు. కాసేపటికి షఫీ కూడా తలెత్తి చూశాడు.