మూడోసారి పిలిచినప్పుడు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు సాక్షిని తీసుకురమ్మనేవాణ్ణి. దేవుడి విషయంలోనూ నాదదే మాట. నాంపల్లి కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తూ సగం జీవితం గడిపేశాను. ఉందన్నవాడే రుజువు చెయ్యాలి, లేదన్నవాడికి ఆ బరువు లేదు. నాకు అన్నం పెట్టిన సూత్రం అది.

తోటి వకీలు సత్తయ్య దీనికి ఒప్పుకునేవాడు కాదు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. వాళ్ల ఇంటిదేవత ఎల్లమ్మ. అబిడ్స్‌లో ఇరానీ చాయ్ తాగుతూ ఎన్నో సాయంత్రాలు దీని మీదే వాదించుకున్నాం.

"మీ ముత్తాతను నువ్వు చూసినవా? ఐనా ఉండె గదా," అన్నాడొకసారి.

మా ముత్తాత పేరు భూమి కాగితాల్లో ఉంది, మీ ఎల్లమ్మ పేరు ఎక్కడుందో చూపించమన్నాను. నవ్వేశాడు. కోపం తెలియని మనిషి.

పోయిన వానాకాలం అతని కూతురు దివ్యకు డెంగీ వచ్చింది. ఏడో తరగతి పిల్ల. అబిడ్స్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో, ఐసీయూలో పెట్టారు. సాయంత్రం దాకా ఎవరినీ లోపలికి రానివ్వరు. తల్లి ఆ తలుపు ముందే కూర్చుంది. సత్తయ్య మాత్రం తప్పించుకోలేని వాయిదా ఉండి కోర్టుకు వచ్చాడు. భోజనాల వేళ ఇద్దరం కోర్టు హాలు ముందు వరండాలో కూర్చున్నాం. అతను టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఎల్లమ్మ చూసుకుంటది అన్నా," అన్నాడు. "ఆమె ఉన్నదని ఒక్కసారి తెలిస్తే చాలు. ఇగ నాకు ఫికరుండదు."

అతన్ని కాస్త నవ్విద్దామనుకున్నాను, అంతే. కోర్టులో సాక్షిని పిలవాలంటే అటెండర్ తలుపు దగ్గర నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలక్కపోతే గైర్హాజరు. నేను లేచి అచ్చం అతనిలాగే గొంతు సాగదీసి, "ఎల్లమ్మా" అని పిలిచాను. సత్తయ్య ముఖంలో నవ్వు మొదలైంది. రెండోసారి పిలిచాను. మూడోసారీ పిలిచాను.

"వచ్చిన," అని వినిపించింది.

ఆడగొంతు. సాక్షులు రోజూ ఎలా పలుకుతారో అలాగే, మామూలుగా పలికింది. మా వెనకున్న హాల్లోంచి వచ్చింది. ఆ తలుపుకు బయట గొళ్లెం వేసి ఉంది.

మెట్లెక్కి వస్తున్న అటెండర్ కూడా విన్నాడు. "లోపల ఎవ్వరున్నరు సార్? నేనే గొళ్లెం పెట్టి పోయిన గదా," అంటూ తలుపు తీశాడు. బోను దాకా వెళ్లి చూశాను. బెంచీల కింద వంగి చూశాను. కిటికీలు మూసి ఉన్నాయి, జడ్జిగారి గదికి తాళం ఉంది. మనిషన్నవాళ్లు లేరు.

తిరిగొచ్చేసరికి సత్తయ్య చేతులు జోడించి ఏడుస్తున్నాడు, సంతోషంతో. "ఉన్నది అన్నా. ఇగ నా బిడ్డకు ఏం గాదు," అన్నాడు. డబ్బా తీసి ఆకలిగా అన్నం తిన్నాడు.

చెయ్యి కడుక్కోకముందే దవాఖాన నుంచి అతని భార్య ఫోన్ చేసింది. పిల్ల పోయింది.

కాకతాళీయం అంటారు. వేరేవాళ్లు చెబితే నేనూ అదే అనేవాణ్ణి. అంత జబ్బుతో ఉన్న పిల్ల ఏ క్షణమైనా పోవచ్చు. కానీ ఆ గొంతు ముగ్గురం విన్నాం. అదెవరిదో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. అటెండర్ ఇప్పుడు ఆ హాలు తలుపు ఒక్కడే తియ్యడు.

కొన్నాళ్లకు సత్తయ్యను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. అతను నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నువ్వు లేదంటివి గదా అన్నా. మరి ఎవ్వల్ని పిలిచినవ్?"