కరుణమ్మ బ్యాడ్జి

1898లో, రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు లేస్తున్న రోజుల్లో, నేను ఒక మిషన్ ఆడపిల్లల బోర్డింగు బడిలో కుట్టుపని చేసేదాన్ని. మా ఆయన పోయాక ఆ కాంపౌండులోనే ఒక గది ఇచ్చారు. గది ముందు చిన్న వరండా, అందులో ఒక చాప, ఒక కుట్టు పెట్టె. పగలంతా వంతెన దగ్గర ఇనుము కొట్టే చప్పుడు వినబడుతూ ఉండేది. మాట్లాడటానికి మనిషి లేనప్పుడు ఆ చప్పుడే నాకు తోడు.

బడిలో పాటల జట్టు ఒకటి ఉండేది. జట్టులో చేరిన పిల్లకి తెల్ల జాకెట్టు యూనిఫారం, ఎడమ భుజానికి కాస్త కింద ఎర్రటి బ్యాడ్జి. బ్యాడ్జి అంటే ఇనుపది కాదు. అరచేతిలో పట్టే గుండ్రటి గుడ్డ, దాని మీద పసుపు దారంతో దీపం బొమ్మ. ఆ ఎరుపు నీళ్లలో పడితే రంగు దిగి తెల్ల జాకెట్టంతా పాడుచేస్తుంది. అందుకని బట్టలు చాకలికి వేసేముందు బ్యాడ్జీలన్నీ విప్పాలి, ఉతికి వచ్చాక మళ్లీ కుట్టాలి. వారం వారం అదే పని. సులువుగా విప్పుకోవడానికి టాకాలే వేసేదాన్ని, అంటే దూరం దూరంగా వేసే తేలిక కుట్లు.

ఆ ఏడు క్రిస్మస్ దగ్గరపడేసరికి కరుణమ్మ అనే పిల్ల బ్యాడ్జి మాటిమాటికీ ఊడిరావడం మొదలైంది. పదకొండేళ్లుంటాయి. సన్నటి పిల్ల, గొంతు మాత్రం గది దాటి వినబడేది. పొద్దున్న కుట్టి పంపితే సాయంత్రానికి బ్యాడ్జి చేతిలో పట్టుకుని వచ్చి నిలబడేది. ఒకరోజు బోర్డింగు చూసుకునే మేట్రన్ రాహేలమ్మగారు దాన్ని రెక్కపట్టి తీసుకొచ్చారు.

"ఏంటండీ ఇది? అందరివీ నిలుస్తున్నాయి, దీనిదొక్కటే ఊడిపోతోంది. మీ దారం కుళ్లిందా, దీని బుద్ధి కుళ్లిందా?"

"దారం బాగానే ఉందండి, కొత్త ఉండలోంచే తీశాను."

"అయితే దీని బుద్ధే. ఇదిగో పిల్లా, ఇంకొక్కసారి ఊడిందా, బ్యాడ్జి నేనే తీసేసుకుంటాను. పడవా లేదు, పాటల జట్టూ లేదు."

ఆ పడవ కోసం పిల్లలంతా ఏడాది పొడుగునా ఎదురుచూసేవారు. క్రిస్మస్ ముందు జట్టంతా ధవళేశ్వరం నడిచివెళ్లి, లాకు దగ్గర పడవెక్కి, కాలవ వెంబడి ఊరూరా దిగి పాటలు పాడి, పండగ వెళ్లాక తిరిగొచ్చేవారు. చాలామందివి ఆ కాలవ గట్టు ఊళ్లే. రేవు రేవునా ఎవరో ఒకరి తల్లి జంతికలో కొబ్బరి లౌజో మూటకట్టుకుని నిలబడి ఉండేది.

రాహేలమ్మగారు వెళ్లాక దారం కొస వెలుతురులో పెట్టి చూశాను. దానంతట అది తెగిన దారం కొస పీచులేచి ఉంటుంది. ఇది నలిగి, చదునుగా ఉంది. పళ్లతో కొరికినది.

"కూర్చోవే," అన్నాను. కూర్చుంది. "నీకు పాటంటే ఇష్టం లేదా?"

"ఉందండి."

"మరి పడవంటే?"

తల వంచుకుంది. చాప ఈనె గోటితో గీకుతూ చెప్పింది. "పడవ మా కడియంలో ఆగుతుందండి."

"ఆగితే మంచిదేగా."

"మా అమ్మ వస్తుందని అందరికీ చెప్పానండి. లౌజు తెస్తుందని కూడా చెప్పాను."

వాళ్ల అమ్మ జ్వరంతో పోయింది. తండ్రి కాకినాడలో స్టీమరెక్కి రంగూను వెళ్లాడు, మళ్లీ కబురు లేదు. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు లేక అది సెలవుల్లో కూడా బడిలోనే ఉంటుందని నాకు తెలుసు. తోటిపిల్లలకి తెలియదు. ఆ రేవులో ఒంటరిగా నిలబడలేక, ఇష్టమైన పాటనే వదులుకోవడానికి సిద్ధపడింది.

సూదిలో దారం ఎక్కించాను గానీ గుడ్డలో గుచ్చలేదు.

"కరుణమ్మా, గట్టిగా కుట్టమంటావా, వదులుగా కుట్టమంటావా? రెండూ నాకు చేతనవును. ఎవరికీ చెప్పను."

నా మొహంలోకి చూసింది, వేళాకోళం చేస్తున్నానేమో అని. "గట్టిగా కుడితే కడియం రేవులో ఏం చెయ్యనండి?"

"పడవలోనే ఉండు. అందరి మూటలకీ ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా."

"తిరిగొచ్చేటప్పుడో?"

"తిరిగొచ్చేటప్పుడు ధవళేశ్వరం లాకు దగ్గర నేనుంటాను. అక్కడ మిగతావాళ్ల కోసం ఎవరూ రారు, చూసుకో."

"నిజంగానండి?"

"ఈ సూది మీద ఒట్టు."

"అయితే గట్టిగానే కుట్టేయండి, పిన్నిగారూ."

టాకాలు కాకుండా హెమ్మింగు వేశాను, అంచు లోపలికి మడిచి దగ్గర దగ్గరగా వేసే కుట్టు. పళ్లకి అందదు.

పడవ వెళ్లాక కాంపౌండు బోసిపోయింది. పండక్కి వంతెన పని కూడా ఆపారు. ఆ చప్పుడు కూడా లేకపోయేసరికి నా గాజులు కదిలితే నాకే వినబడేది. ఒక్కదానికి వండుకుని, ఒక్కదాన్నే తిని, విస్తరి పారేసి, ఇంకా ఎంత పొద్దుందో అని బయటకి వచ్చి చూసేదాన్ని. అందరూ పండగ చేసుకుంటున్నప్పుడు నేను ఒకరి రాక కోసం రోజులు లెక్కపెట్టడం, మా ఆయన పోయాక అదే మొదలు.

పడవ తిరిగొస్తుందని చెప్పిన రోజున ధవళేశ్వరం నడిచి వెళ్లాను. లాకు దగ్గర పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి, ధాన్యంవి, కొబ్బరికాయలవి. ఎండ వాలుతుండగా మా పిల్లల పడవ వచ్చింది. పిల్లలంతా మూటలు సర్దుకుంటూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. గట్టు వైపు ఒక్కరూ చూడలేదు. చూడాల్సిన పని వాళ్లకి లేదు. కరుణమ్మ ఒక్కతే పడవ ముందుకొచ్చి గట్టంతా వెతుకుతోంది.

"వచ్చేశారేంటండీ!"

"వస్తానన్నానుగా."

కిందికి దూకి భుజం నా మొహం మీదికి తెచ్చింది. "చూడండి, ఒక్క పోగు ఊడలేదు."

తోవలో నా కొంగు పట్టుకుని నడిచింది. కాస్త దూరం పోయాక నేనే అడిగాను, కడియం ఎలా గడిచిందని.

"ఎవరూ అడగలేదండి. అందరూ వాళ్ల అమ్మలనే చూసుకుంటున్నారు." నాలుగడుగులు వేసి మళ్లీ అంది: "పడవలోంచి మా ఇంటి అరుగు కనబడిందండి. ఎవరిదో మేక కట్టేసుంది."

నేను తెచ్చిన లౌజు దాని చేతిలో పెట్టాను. సగం తుంచి నాకిచ్చింది.

కరుణమ్మ అక్కడే చదువుకుని పంతులమ్మ అయింది. పెనుగొండ అవతల ఒక బడికి వెళ్తూ, జట్టు జాకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. బడి వదిలేవాళ్లు బ్యాడ్జి తిరిగి ఇచ్చెయ్యాలి. ఎన్ని వారాలు విప్పి కుట్టానో ఆ బ్యాడ్జిని. ఈసారి విప్పాక మళ్లీ కుట్టేది లేదు.

"నెమ్మదిగా విప్పండి, పిన్నిగారూ," అంది.

నెమ్మదిగానే విప్పాను. ఆ పొద్దంతా నా చాప మీదే కూర్చుంది.

ఇప్పటికీ ఏ పిల్లయినా ఊడిన కుట్టు పట్టుకొస్తే ముందు దారం చూడను. గట్టిగానా, వదులుగానా అని అడుగుతాను. చాలామంది నవ్వి, గట్టిగానే అంటారు. నవ్వని పిల్ల వస్తే సూది పక్కన పెట్టి, చాప మీద కాస్త చోటు చేస్తాను.