ఉప్పు తాగిన పాటల పెట్టె

1961 వేసవి. బందరులో నా వడ్రంగి షాపు అప్పటికే బాగా పాతుకుపోయింది. పాడైన పాత సామాను బాగుచెయ్యడంలో నాకు పేరుండేది. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా.

ఏసుపాదం మాస్టారు దివిసీమలో బడిపంతులుగా చేసి, రిటైరయ్యాక బందరు వచ్చి స్థిరపడ్డారు. ఆయనా, భార్య కరుణమ్మగారూ ఒకరోజు బండి మీద ఒక పాత ఫోనోగ్రాఫ్ తెచ్చి నా షాపు ముందు దింపించారు. నడుమెత్తు చెక్క బీరువా అది. మూత ఎత్తితే రికార్డు తిరిగే పళ్ళెం, పక్కన తిప్పే హ్యాండిల్. కింది తలుపుల వెనక హార్న్, అంటే పాట పెద్దదై బయటికొచ్చే చెక్క గొట్టం. యంత్రం చక్కగా తిరుగుతోంది. కానీ తలుపు తెరిస్తే తడి గోనెసంచి వాసన.

"మబ్బు పడితే చాలు, ఇల్లంతా ఇదే కంపు. ఈయనకేమో ఉబ్బసం," అన్నారు కరుణమ్మగారు. "వాసన పోగొట్టు మేస్త్రీ. పోకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాను. పాట కోసం ఊపిరి పోగొట్టుకోమంటావా?"

మాస్టారు పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చూపు మందగించి ఆయన చదవడం మానేశారు. సాయంత్రాలు గడవడానికి మిగిలింది ఈ పాటలే.

"హంసలదీవి దగ్గర ఉన్నప్పుడు తుఫానుకి సముద్రం నీళ్ళు ఇంట్లోకొచ్చాయి. పెట్టె మోకాలెత్తు మునిగింది," అన్నారావిడ. "ముందు మంచినీళ్ళతో కడగవా? ఉప్పునీళ్ళు పడ్డ చీరని కడక్కుండా ఆరేస్తే ఎన్నాళ్ళైనా చెమ్మగానే ఉంటుంది మాకు."

నేను నవ్వాను. "కర్రని చీరలా ఉతకమంటారా అమ్మా? పలకలు పలకలుగా ఊడి మీ చేతికొస్తుంది."

అందులో నిజం లేకపోలేదు. ఇలాంటి పెట్టెల పైన అందం కోసం వెనీర్ అనే పల్చటి కర్ర రేకు అతికిస్తారు. అతికించేది సరేసుతో, అంటే తోళ్ళు కాచి చేసే జిగురుతో. తడి తగిలితే అది వదిలేస్తుంది. అందుకే మా పనివాళ్ళకు నీళ్ళంటే భయం. నాకు తెలిసిన పద్ధతే చేశాను. తలుపులు ఊడదీసి రోహిణీకార్తె ఎండలో పెట్టాను. బూజు గీకి, లక్కను స్పిరిట్లో కరిగించి చేసే చపడా పాలిష్ లోపలంతా పట్టించాను. వాసన మాయమైంది, పెట్టె మాస్టారింటికి చేర్చాను.

వానలు మొదలయ్యాక, వాసన మళ్ళీ వస్తోందని మాస్టారు కబురు పంపారు. ముసురుగా ఉన్న రోజు రమ్మన్నారు. నాకు తీరిక దొరికి వెళ్ళిన రోజు మాత్రం ఎండ కాస్తోంది. పాలిష్ వాసన తప్ప ఏమీ తగల్లేదు.

"నిన్న వచ్చింది మేస్త్రీ. ఇవాళ లేదు. ఎందుకంటావు?" అని అడిగారాయన. కోపంగా కాదు, జవాబు తెలుసుకోవాలన్నట్టు.

"పాత వాసన మీ ముక్కులో ఉండిపోయింది మాస్టారూ," అన్నాను.

ఆయన మళ్ళీ కబురు పంపలేదు. నా పని బాగానే ఉందనుకున్నాను.

శ్రావణంలో ఒక వాన రోజు ఆ వీధిలో వెళ్తున్నాను. మాస్టారు వరండా చివర, జల్లు కొట్టేచోట కుర్చీ వేసుకుని ఉన్నారు. లోపల పెట్టె పాడుతోంది. కిటికీలోంచి వింటున్నారు, దగ్గుతూ.

"ఇక్కడైతే వాసన తక్కువ," అన్నారు మెల్లగా. "ఈ ముసురు తగ్గగానే పెట్టెని పంపించేస్తానంటోంది మా ఆవిడ. నా ముక్కుదే తప్పని మేస్త్రీ చెప్పాడే అంటే వినదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లోపలికి వెళ్ళి పెట్టె తలుపు తెరిచాను. అదే కంపు. అడుగు చెక్క మీద పాలిష్ తెల్లబారి పొక్కులు తేలింది. గోరుతో గీకి, వేలు నాలుకకు రాసుకున్నాను.

"ఏంటయ్యా, రుచి చూస్తున్నావా?" అన్నారు కరుణమ్మగారు గుమ్మంలోంచి.

"ఉప్పమ్మా. మీరు చెప్పిందే."

"మరి అప్పుడు నవ్వావుగా."

మాస్టారి ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. ఎండకు కర్రలో తడి పోతుంది, ఉప్పు పోదు. మబ్బు పట్టగానే ఆ ఉప్పు గాలిలోని తడిని మళ్ళీ లాక్కుంటుంది. నేను ఉప్పును లోపలే ఉంచి పైన పాలిష్ పూశాను.

"వచ్చే ముసురు దాకా ఆగండి," అని బతిమాలి పెట్టె షాపుకి తెచ్చుకున్నాను. అడుగు చెక్క మరలు విప్పితే వచ్చింది. హార్న్ జిగురును వేడి గుడ్డతో మెత్తబరిచి విడదీశాను. ఏ పలకలు చేతికొస్తాయని ఆవిణ్ణి భయపెట్టానో, వాటినే నా చేతులతో ఊడదీశాను. ఇక కడగాలి. మా షాపు బావి నీళ్ళు ఉప్పన, వాటితో కడిగి లాభం లేదు. పలకలు సైకిలుకు కట్టుకుని పెడన కాలువకు వెళ్ళాను. అక్కడ కలంకారీ పనివాళ్ళు గుడ్డలు జాడిస్తున్నారు.

"ఏం బావా, బల్లలకి కూడా పువ్వులద్దిస్తావా?" అన్నాడొకడు.

"ముందు ఉప్పు వదలనీ బావా."

రోజూ నానబెట్టడం, తీసి నాలుకతో చూడటం. వాళ్ళకు నేనొక వినోదమయ్యాను. రుచి పూర్తిగా పోయాక, వంకర తిరక్కుండా బరువులు పెట్టి నీడలో ఆరబెట్టి, మళ్ళీ అతికించాను. తడి గుడ్డ తగిలి ఒక పక్క వెనీర్ కొంచెం లేచింది. సరిచేశాను గానీ మచ్చ ఉండిపోయింది.

ఈసారి వాన పడుతుండగానే తీసుకెళ్ళాను, గోనెపట్టాలు కప్పి. రెండు రోజులు ముసురు వదల్లేదు. మూడో రోజు వెళ్ళేసరికి కరుణమ్మగారు పెట్టె తలుపు తెరిచి, వంగి వాసన చూస్తున్నారు. వరండాలోకి వెళ్ళి, మాస్టారిని లేపి, ఆయన కుర్చీ తెచ్చి పెట్టె పక్కన వేశారు.

"మీ ముక్కు సరిగ్గానే ఉంది మాస్టారూ. తప్పు నాది," అన్నాను.

"తెలుసు," అన్నారు కూర్చుంటూ. "పెట్టె పోతుందన్న భయంతో నీ మాటే నిజమైతే బాగుండుననుకున్నాను."

ఆ తర్వాత పాత కర్ర ఏది వచ్చినా, అది ఏ నీళ్ళు తాగిందో ముందు అడుగుతాను. ఇంట్లో బట్టలుతికే మనిషి ఏమంటుందో వింటాను. నాలుకతో కూడా చూస్తాను. వానలో వాసన వస్తోందని ఎవరైనా అంటే మాత్రం, ఎండ రోజున వెళ్ళను.