వేరుకట్టకు రసీదు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక మార్గశిర మాసంలో, నేను ఒడిశాలో కొరాపుట్ జిల్లా కుందుర బ్లాకులో సహాయ వ్యవసాయ అధికారిగా ఉండగా, ఫిజీ దేశం నుంచి నలుగురు వస్తున్నారని జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వారికి నన్ను లైజన్ అధికారిగా వేశారు. అంటే బండి, భోజనం, దుబాసీ పని, ఏదైనా తేడా వస్తే చీవాట్లు, అన్నీ నా ఒక్కడివే.

ఫిజీ అంటే పసిఫిక్ సముద్రంలో మూడు వందల పైచిలుకు దీవులని మాత్రమే నాకు తెలుసు. నేను రాయగడ మునిసిపాలిటీలో పంపు ఆపరేటరు కొడుకుని. విశాఖలో తప్ప ఇంకెక్కడా సముద్రం చూసినవాణ్ణి కాను.

వాళ్ళ పని మాత్రం ఉత్తరంలో స్పష్టంగా ఉంది. తుఫాను వచ్చినప్పుడల్లా వాళ్ళ దీవిలో చేమ, కర్రపెండలం తోటలు ఊడ్చుకుపోతున్నాయి. అందుకని నిలవుండే పంటగా చోళ్ళు, అంటే రాగులు, వేసి చూశారు. పంట పండింది గానీ సముద్రపు చెమ్మకి విత్తనం బూజు పట్టిపోయింది. మళ్ళీ వేయడానికి గింజ మిగల్లేదు. మా కొండల్లో నెలల తరబడి వాన కురిసినా ఆడవాళ్ళు విత్తనం పాడవకుండా దాస్తారని ఎవరో చెబితే, ఆ పద్ధతి నేర్చుకోవడానికి అంత దూరం వస్తున్నారు. మా బ్లాకుకి ఇచ్చింది ఒక్క రోజు. మర్నాడు పొద్దున్నే రాయగడ మీదుగా విశాఖ వెళ్ళి విమానం ఎక్కాలి.

వచ్చినవాళ్ళలో పెద్దాయన పేరు సెమీ. ఆరడుగుల పైన మనిషి, నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. ఆయన ఊరి కుర్ర రైతులు ఇద్దరు. నాలుగో మనిషి రాధిక, వాళ్ళ వ్యవసాయ శాఖ ఉద్యోగిని. ఆవిడ పూర్వీకులు చెరుకు తోటల్లో పనికి మన దేశం నుంచి వెళ్ళారట. ఆవిడ మాట్లాడే హిందీ, మా ఆఫీసు హిందీ దూరపు చుట్టాలు. అయినా పని జరిగిపోయింది. మగవాళ్ళు జేబులున్న లుంగీల్లాంటివి కట్టుకుని దిగితే కుందుర సంత అంతా ఆగి చూసింది.

"మన లుంగీయే సార్. దర్జీ సేత కుట్టించుకున్నారంతే," అన్నాడు మా డ్రైవరు సింహాచలం. అతనిదీ రాయగడే.

అంతా బాగానే ఉంది గానీ, సెమీ గారి సంచిలో ఎండిన వేళ్ళ కట్ట ఒకటి కనిపించింది. బయటి దేశపు మొక్క ఏదైనా పొలాల్లోకి వెళితే తెగుళ్ళు రావచ్చని మాకు శిక్షణలో నూరిపోస్తారు. విమానాశ్రయంలో తనిఖీ అయిందని రాధిక కాగితం చూపించింది. నాకు కాగితమంటే ప్రాణమే గానీ, ఎదుటివాళ్ళ కాగితమంటే అనుమానం. 'ఎండిన వేరు, కట్ట ఒకటి' అని రసీదు రాసిచ్చి, కట్టని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. సెమీ గారు ఆ రసీదుని రెండుసార్లు తిప్పి చూసి జేబులో పెట్టుకున్నారు. నా జాగ్రత్తకి నేనే మురిసిపోయాను.

వాళ్ళకి చూపించాల్సిన ఊరు అక్కడికి పది కిలోమీటర్లు. జీపు నేరుగా చంపా ఆయి ఇంటి ముందు ఆపమన్నాను. ఆయి అంటే ఒడియాలో అమ్మమ్మ. ఊరందరి విత్తనం ఆవిడ చేతిలో ఉంటుంది. కానీ తొలి ఇల్లు కనబడగానే సెమీ గారు బండి ఆపించి, దిగి, దారి పక్కన నేల మీద కూర్చున్నారు. కుర్రాళ్ళూ కూర్చున్నారు.

నేను ముందుకెళ్ళి చంపా ఆయిని అడిగితే, అతిథులు ఏం తెచ్చారని అడిగింది. ఏమీ లేదన్నాను. విత్తనం ముందుకి వట్టి చేతులతో ఎవరూ రాకూడదని, విత్తనాల బుట్ట దించనని చెప్పేసింది. వెనక్కి వస్తే సింహాచలం ఎదురొచ్చాడు.

"ఆళ్ళు కదలరు సార్. పరాయి ఊరికెళ్తే ఆ ఏరుకట్ట ఊరి పెద్ద సేతిలో ఎట్టి, రమ్మంటేనే లోపలికి అడుగెడతారట. రాధికమ్మ సెప్పింది."

"ఆ కట్ట బీరువాలో ఉంది కదయ్యా."

"తాళం మీ జేబులోనే ఉన్నాది," అన్నాడు, మర్యాదకి నవ్వు ఆపుకుంటూ.

నా మొహం మాడిపోయింది. ఇక్కడ ఆవిడ అడిగేదీ, అక్కడ ఆయన ఇవ్వాలనుకున్నదీ ఒకటే. మధ్యలో అడ్డం నేను. తాళంచెవి సింహాచలానికిచ్చి పంపించాను. వెళ్ళి రావడానికి గంట పైనే పడుతుంది. ఒక్క రోజులో గంట అంటే మాటలు కాదు.

ఆ గంట మాత్రం నా ఉద్యోగంలోకెల్లా సరదా అయిన గంట. సెమీ గారికి గట్టు పక్కన చేమ మొక్కలు కనబడ్డాయి. చంటిపిల్లాణ్ణి నిమిరినట్టు ఆకు నిమిరి, వాళ్ళ దగ్గర దాన్ని ఎలా వండుతారో చేతులతో చూపించారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు తమ వంట చూపించారు. దుబాసీనైన నన్ను ఎవరూ పిలవలేదు. తర్వాత ఆ ఆడవాళ్ళు చేతులు పెనవేసుకుని ఢెంసా నాట్యం మొదలుపెడితే ఫిజీ కుర్రాళ్ళూ వరసలో దూరారు. వాళ్ళ అడుగు పెద్దది కావడంతో వరస రెండుసార్లు తెగింది. అందరూ పడీపడీ నవ్వారు. ఫైలు పట్టుకుని నేనూ నవ్వాను.

కట్ట వచ్చింది. సెమీ గారు దాన్ని ముందు పెట్టుకుని, తల వంచి, వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడారు. రాధిక హిందీలోకి, నేను ఆ ఊరివాళ్ళ దేశియా భాషలోకి దించేసరికి అది మూడు ముక్కలే అయింది: మీ ఊరికి దణ్ణం, మా ఊరికి విత్తనం లేదు, నేర్పండి. చంపా ఆయి కట్టని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. ఫిజీవాళ్ళు దోసిలి గుల్ల చేసి చప్పట్లు కొట్టారు. ఆవిడ సెమీ గారి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

వెనకాలే నేనూ గుమ్మం ఎక్కబోయాను. చంపా ఆయి చెయ్యి అడ్డం పెట్టి, నువ్వేం తెచ్చావని అడిగింది. నా చేతిలో ఫైలుంది. వసారాలోనే ఉండిపోయాను.

పొద్దు వాలేదాకా లోపల పని నడిచింది. బుట్ట అల్లిక, పేడమట్టి పూత, పొయ్యి పైన వేలాడదీసే ఎత్తు, అన్నీ కుర్రాళ్ళు స్వయంగా చేసి నేర్చుకున్నారు. గింజ అడగలేదు. దానికి వేరే అనుమతులు కావాలని వాళ్ళకూ తెలుసు. బయటికొచ్చి సెమీ గారు కళ్ళు తుడుచుకుంటూ, ఇక మేం పండించే గింజ మాకు నిలుస్తుందన్నారు. నాకు నిజంగా సంతోషమేసింది.

తర్వాతి వారం ఒక అరటిపళ్ళ అత్తం పట్టుకుని వెళ్ళి, ఊరి బయటే జీపు దిగి నిలబడ్డాను. చంపా ఆయి వచ్చి పిలిచింది. బుట్టలు దించి చూపించింది. పదకొండు రకాల చోళ్ళున్నాయి. ఆ ఊళ్ళో చోళ్ళు రెండు రకాలేనని మూడేళ్ళుగా మా విత్తన రిజిస్టరులో నా సంతకంతోనే ఉంది. తనిఖీకి వెళ్ళిన అధికారికి ఊరు చూపించదలచుకున్నదే కనబడుతుందని అలా తెలిసింది. ఆఫీసుకొచ్చి రెండు కొట్టేసి, పదకొండు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.